కేసు గానీ శిక్ష గానీ ఉన్నవారు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకునే విధానం

పాస్‌పోర్టు సేవా పోర్టల్లో ఫారం నింపడం, 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు కట్టి అపాయింట్‌మెంటు తీసుకోవడం, ఒరిజినల్స్ పట్టుకుని సేవాకేంద్రానికి వెళ్లడం అందరికీ ఒకటే కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. కేసు ఉన్నవారు చిక్కుకునేది ఆ ఫారంలోనే, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తోందా, గత అయిదేళ్లలో శిక్ష పడిందా అని అడిగే చోట.

‘లేదు అని పెట్టేయండి, స్టేషన్లో నేను చూసుకుంటాను’ అని చెప్పి డబ్బు తీసుకునే ఏజెంట్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. ఫారం మీద సంతకం ఏజెంటుది కాదు, మీది. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ ప్రకారం తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా రెండేళ్ల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అలా సంపాదించిన పాస్‌పోర్టును తరువాత ఎప్పుడు బయటపడినా రద్దు చేయవచ్చు. ఉన్న చిన్న కేసుకు కొత్త కేసు తోడవుతుందన్న మాట.

నిజానికి చాలామంది భయపడినంత అడ్డంకి చట్టంలో లేదు. ఎఫ్ఐఆర్ మాత్రమే నమోదై దర్యాప్తు సాగుతుంటే దాన్ని కోర్టులో పెండింగ్ కేసుగా లెక్కించరాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో పాస్‌పోర్టు అధికారులకు స్పష్టం చేసింది. చార్జిషీటు దాఖలై, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించి నంబరు ఇచ్చాకే కేసు పెండింగ్‌లో ఉన్నట్టు. మీది ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో చూసుకుని ఆ పేజీ ప్రింటు తీసుకోండి.

శిక్ష పడినవారికి జీవితాంతం పాస్‌పోర్టు రాదన్నది అపోహ. నేరం నైతిక పతనంతో కూడినదై (మోసం, దొంగతనం వంటి నీతిమాలిన పనై) ఉండాలి, శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఉండాలి, శిక్ష విధించిన తేదీ దరఖాస్తుకు ముందటి అయిదేళ్ల లోపల ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే ఆ కారణంతో నిరాకరించగలరు. అయిదేళ్లను తీర్పు తేదీ నుంచి లెక్కిస్తారు తప్ప విడుదలైన రోజు నుంచి కాదు. శిక్ష మీద అప్పీలు పెండింగ్‌లో ఉందన్న కారణంతో రెన్యువల్ ఆపకూడదని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏడాదికి తగ్గించిన శిక్షపై తన ముందుకు వచ్చిన అప్పీలులో సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో చెప్పింది. కేసు కొట్టేసినవారు, లోక్ అదాలత్‌లో రాజీపడినవారు మాత్రం నిశ్చింతగా ఉండిపోతారు, కానీ స్టేషన్ రికార్డులో పాత కేసు అలాగే కనబడి పోలీసు రిపోర్టు ప్రతికూలంగా వెళ్లడం మామూలే. అందుకని తీర్పు లేదా అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీని ముందే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో తీసుకుని ఉంచుకోవాలి.

ఇక అసలు తడబాటు. విచారణ నడుస్తున్నవారు కేసు ఉన్న కోర్టులోనే పిటిషన్ వేసి, విదేశాలకు వెళ్లేందుకు అనుమతిస్తూ ఉత్తర్వు తెచ్చుకోవాలి. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్, జి.ఎస్.ఆర్. 570(ఇ), వారికి ఈ వెసులుబాటు ఇచ్చింది. ఆ ఉత్తర్వులో పాస్‌పోర్టు ఎంతకాలానికో కోర్టు రాస్తే అంతకాలానికే ఇస్తారు. ఏ గడువూ రాయకపోతే ఒక్క ఏడాదికి ఇస్తారు. ప్రయాణానికి ఏడాదికి మించిన గడువు మాత్రమే రాస్తే ఆ గడువుకు ఇస్తారు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడి ఉత్తర్వు సరిగ్గా ఒక్క వాక్యం: ‘పిటిషన్ అనుమతించడమైనది.’ నాలుగు నెలలు తిరిగి తెచ్చుకున్న కాగితం అది. పాస్‌పోర్టు ఏడాదికి వచ్చింది, వీసా పని కదిలేసరికి అందులో ఆరు నెలలు కూడా మిగలలేదు. పిటిషన్ చివర కోరే ఉపశమనంలోనే ‘పదేళ్ల కాలపరిమితి గల పాస్‌పోర్టు జారీకి’ అన్న మాటలు పెట్టమని మీ వకీలును ముందే అడగండి. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం, అడగకపోతే మాత్రం సాధారణంగా రాయరు. జిరాక్స్ కాదు, కోర్టు సీలున్న సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్లాలి. కోర్టు పిలిస్తే హాజరవుతానన్న రాతపూర్వక హామీ కూడా జతచేయాలి.

బెయిలు షరతుల్లో దేశం విడిచి వెళ్లరాదని ఉంటే పాస్‌పోర్టు చేతికొచ్చినా ప్రతి ప్రయాణానికీ వేరుగా కోర్టు అనుమతి కావాలి. వీసా లెక్క మరొకటి: అమెరికా వీసా ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతుంది, అక్కడ అయిదేళ్ల గడువు లేదు.

కౌంటర్లో ‘మీకు రాదు’ అని నోటిమాటగా చెప్పి పంపితే అక్కడే గొడవపడకండి. నిరాకరిస్తే కారణాలు రాసి, అడిగినవారికి ఆ ప్రతి ఇవ్వాలని పాస్‌పోర్టుల చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. దేశ భద్రత వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఆ కాగితం అడగండి, 11వ సెక్షన్ కింద అప్పీలు దానిమీదే వేయాలి.