ఏరియేటర్ మాన్యువల్లో పరాయి రాతలు వాడే ముందు

భీమవరం వైపు రొయ్యల చెరువులకు ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) అమ్మేవారు తెలుగులో మాన్యువల్ వేయిస్తుంటే, ప్రెస్సుకు పంపేలోపు ఇవి చూసుకోండి.

☐ అంకెలు వేరు, రాత వేరు. మోటారు హెచ్‌పీ, ఓల్టేజీ, నీళ్లలో ఉండాల్సిన ఆక్సిజన్ మోతాదు ఎవరి సొత్తూ కావు. వాటిని వివరించిన వాక్యాలు, బొమ్మలు, ఫొటోలు మాత్రం సొత్తే. అంకె తీసుకుని వాక్యం మీరే రాయండి. గేర్‌బాక్స్ బొమ్మను, విప్పిన యంత్రం ఎదురుగా పెట్టుకుని కొత్తగా గీయించండి. పాత బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి గీస్తే అదీ నకలే. పట్టిక మొత్తం ఎత్తేసినా చిక్కే, ఏరి కూర్చిన తీరుకూ హక్కు ఉండొచ్చు.

☐ ‘పది శాతం లోపు ఎత్తుకుంటే పర్లేదు’ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకం, పరిశోధన, విమర్శ, వార్తల వంటివాటికి సడలింపు ఉంది. సరుకుతోపాటు ఇచ్చే మాన్యువల్ అందులో ఇమడడం కష్టం.

☐ ఇంగ్లీషు మాన్యువల్‌ను తెలుగు చేయాలన్నా అనుమతి కావాలి. అడుగున కంపెనీ పేరు వేయడం మర్యాదే గానీ అనుమతి కాదు.

☐ హక్కుదారు ఫోన్లో ‘సరే’ అంటే చాలదు, కాగితం ఉండాలి. ఏ పేజీలు, ఎన్ని కాపీలు, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపొచ్చా అన్నవి రాయించండి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కేస్తుంది. బయటి దేశాలకు యంత్రాలు పంపేవారికి దెబ్బ తగిలేది ఇక్కడే.

☐ తమ రాతలు, బొమ్మలు షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారులు పెట్టే క్రియేటివ్ కామన్స్ గుర్తులో ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ‘ఎన్‌డీ’ ఉంటే అనువాదం పంచకూడదు.

☐ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాల పేజీలు స్కాన్ చేసి అతికించొద్దు. ప్రమాణం నంబరు, సంవత్సరం రాయండి.