హాస్టల్ బాలికలకు హెచ్‌పీవీ టీకా: అనుమతి ఎలా తీసుకోవాలి

2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ తెచ్చే వైరస్ నుంచి కాపాడే టీకా) వేసిన అధ్యయనంలో చాలా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. వార్డెన్ పిల్లల బాగోగులు చూస్తారు, అంతే. అమ్మానాన్నల తరఫున సంతకం పెట్టే హక్కు ఆ కుర్చీతో రాదు.

పత్రం కనీసం వారం ముందు ఇంటికి చేరాలి. టీకా ఏ జబ్బుకు, ఎన్ని డోసులు, చేయి నొప్పి, జ్వరం, కళ్లు తిరగడం లాంటివి రావచ్చని, వద్దంటే చదువుకీ హాస్టల్ సీటుకీ ఏ ఇబ్బందీ ఉండదని తేలిక తెలుగులో రాయండి. కోయ మాట్లాడే ఇళ్లకు ఆ భాష వచ్చినవాళ్లను పంపండి. చదువురాని వాళ్లకు చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోండి.

తర్వాత అమ్మాయిని విడిగా, టీచర్ లేనిచోట అడగండి. తరగతిలో చేతులెత్తించడం అనుమతి కాదు. అమ్మానాన్నలు సరేనన్నా తను వద్దంటే ఆ రోజు వేయకండి, కారణం కనుక్కోండి. చాలాసార్లు అది సూది భయమే. ఒక్కోసారి అందరిముందూ చెప్పలేని సంగతి, గర్భం కూడా కావచ్చు. అలాంటప్పుడు టీకా వాయిదా వేయాలి. ఇంట్లో వద్దని, అమ్మాయి కావాలంటే డాక్టరుతో మాట్లాడించండి. 18 నిండనప్పుడు ఆమె మాట ఒక్కటే చాలదు.

కూర్చోబెట్టే వేయండి, అరగంట కనిపెట్టుకొని ఉండండి.