కలిసి రాసే పీరియడ్ ప్లాన్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

అంబర్‌పేటలో ఒకరు, మలక్‌పేటలో ఒకరు, కూకట్‌పల్లిలో ఇంకొకరు. ఒకే తరగతికి ఒకే సబ్జెక్టు చెప్పే టీచర్లు పాఠ్య ప్రణాళిక కలిసి రాసుకుంటే పని తగ్గుతుంది, పాఠమూ బాగుపడుతుంది. అలా గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్లను తరచూ ఆపేసే చిక్కులు ఇవి.

"సార్, ఫైనల్ ఏది?"

గ్రూపులో "యూనిట్ 3 ఫైనల్", "యూనిట్ 3 ఫైనల్ కొత్తది" రెండూ ఉంటాయి. వాట్సాప్‌లో ఫైలు పంపిన ప్రతిసారీ కొత్త కాపీ పుడుతుంది, ఎవరి కాపీలో వాళ్లు దిద్దుకుంటూ పోతారు. ఇక ఫైలు పంపకండి, లింకు పంపండి. దాన్ని గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెడితే ఎవరూ పైకి స్క్రోల్ చేసి వెతకక్కర్లేదు.

లింకు తెరిస్తే పర్మిషన్ అడుగుతోంది

ముందు ఫోన్‌లో ఏ అకౌంట్‌తో తెరిచారో చూడండి. చాలామందికి స్కూలుదొకటి, సొంతదొకటి ఉంటాయి. అది సరిగ్గానే ఉంటే, ఫైలు ఓనర్ ‘షేర్’లో మీ మెయిల్ ఐడీని చేర్చాలి. లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చని మాత్రం పెట్టొద్దు. ఆ లింకు ఎన్ని గ్రూపులకు ఫార్వర్డ్ అవుతుందో ఎవరికీ తెలియదు.

తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపిస్తోంది

అన్నిటికన్నా విసిగించేది ఇదే. పాత ప్లాన్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిలో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాల కోడ్ కాదు, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగులా కనిపిస్తుంది. డాక్స్‌లో ఫాంట్ మార్చి చూసినా లాభం లేదు. అను నుంచి యూనికోడ్‌కు (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే కోడ్) మార్చే కన్వర్టర్‌లో వేయాలి, తర్వాత పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని చదవాలి. ‘కిరణజన్య సంయోగక్రియ’ లాంటి మాటల్లో వత్తులు, క్రారవడి జారిపోతుంటాయి. అది అలాగే బోర్డు మీదికి వెళితే పిల్లలు తప్పే రాసుకుంటారు, కాబట్టి ఈ పని తొందరలో చేయొద్దు. కొత్తవి మాత్రం మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లోని తెలుగు కీబోర్డ్ చాలు.

రాసిన కృత్యం మాయమైంది

ఫోన్‌లో వేలు తగిలి ఎవరో డిలీట్ చేసి ఉంటారు. టెన్షన్ పడకండి. కంప్యూటర్‌లో ‘ఫైల్’ మెనూలో ‘వెర్షన్ హిస్టరీ’ తెరిస్తే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రంగుల్లో కనిపిస్తుంది. అయితే ‘రీస్టోర్’ నొక్కితే ఫైలు మొత్తం వెనక్కి వెళ్తుంది, ఆ తర్వాత మిగతావాళ్లు రాసింది కూడా కనిపించదు. పోయిన భాగాన్ని మాత్రం అక్కడినుంచి కాపీ చేసి తెచ్చుకోండి. దిద్దుబాట్లకు ‘సజెస్టింగ్’ మోడ్ వాడితే, అవతలివాళ్లు ఒప్పుకునేదాకా అసలు వాక్యం పోదు.

గూగుల్ మీట్ వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోంది

ఉచిత అకౌంట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలే. సందేహాలు ముందే డాక్‌లో కామెంట్లుగా రాసుకుని కూర్చోండి.

మేడమ్ బదిలీ అయ్యాక ఫైలు తెరుచుకోవట్లేదు

ఫైలు ఆమె గూగుల్ డ్రైవ్‌లో ఉండేది, డ్రైవ్ ఖాళీ చేసుకునేటప్పుడు డిలీట్ అయింది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది కాబట్టి వెంటనే ఫోన్ చేసి వెనక్కి తెప్పించమనండి, ఓనర్‌షిప్ మరొకరికి మార్పించుకోండి. స్కూలుకు గూగుల్ వర్క్‌స్పేస్ (సంస్థలకు గూగుల్ ఇచ్చే అకౌంట్ల సేవ) ఉంటే ‘షేర్డ్ డ్రైవ్’ అడగండి. అందులో పెట్టిన ఫైలు ఏ ఒక్కరిదీ కాదు, టీమ్‌ది. ఎవరు బదిలీ అయినా అక్కడే ఉంటుంది.