చిన్న క్రైస్తవ సంఘంలో అన్ని వయసులవారికీ సండే స్కూల్ నడపడం ఎలా

నలభై యాభై కుటుంబాలు, ఒక హాలు, ముందు వరండా, పక్కన ఒక చెట్టు. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చాలా మందిరాలకు ఉండేది ఇంతే. ఇంతలోనే మూడేళ్ల పాప నుంచి డెబ్భై ఏళ్ల అవ్వ దాకా అందరికీ బైబిలు వాక్యం నేర్పవచ్చు. కాకపోతే ఆ ఆదివారం అన్ని తరగతులకూ పాఠభాగం ఒకటే ఉండాలి. తరగతికో పుస్తకం పెట్టుకున్న చోట ఏ టీచరు దారి ఆ టీచరుదే. ఒకరు ఊరెళితే ఆ తరగతి ఆగిపోతుంది. పాఠం ఒకటే అయితే పక్క టీచరు అందుకోగలరు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయనమ్మా మనవడూ ఒకే కథ మీద మాట్లాడుకోగలరు.

తరగతులు నాలుగు చాలు: 3–6 ఏళ్లు, 7–11, 12–17, ఆపైన పెద్దలు. బాగా చిన్నవాళ్లు పదిమంది ఉంటే ఇద్దరు టీచర్లు కావాలి. ఒకరు కథ చెబుతుంటే ఇంకొకరు ఏడ్చేవాళ్లను, పరిగెత్తేవాళ్లను చూసుకుంటారు. మిగతా పిల్లల తరగతుల్లో పాఠం చెప్పడానికి పదిహేనుమందికి ఒక టీచరు సరిపోతారు, తోడుగా ఇంకో పెద్ద మనిషి మాత్రం ఉండాలి. చిన్నవాళ్లను హాలుకు వీలైనంత దూరంగా కూర్చోబెట్టండి, వాళ్ల యాక్షన్ సాంగ్స్ మొదలయ్యాయంటే పెద్దలకు ఏమీ వినపడదు. మైకు మాత్రం ఏ తరగతికీ వద్దు.

ఆరాధన 10 గంటలకైతే సండే స్కూల్ 8:45కు మొదలుపెట్టి 9:35కు ముగించండి. ఆ యాభై నిమిషాల్లో పాట, ప్రార్థనకు 8, పోయిన వారం వాక్యం అప్పజెప్పడానికి 5, పాఠానికి 15, పాఠం మీద ఏదైనా చేయించడానికి 12, కొత్త కంఠత వాక్యానికి 7, ముగింపుకు 3 నిమిషాలు. చిన్నవాళ్లకు కథ 8 నిమిషాలు దాటకూడదు, మిగిలిన సమయం పాటకివ్వండి. ప్రసంగం జరుగుతున్నప్పుడే పిల్లల తరగతి నడిపే సంఘాలున్నాయి. అక్కడ టీచర్లు నెలల తరబడి వాక్యం వినకుండానే చెబుతుంటారు, ఏడాది తిరక్కుండా మానేస్తారు. ఈ పద్ధతి దయచేసి పెట్టుకోకండి.

అసలు పని శుక్రవారం సాయంత్రం జరుగుతుంది. టీచర్లందరూ గంటసేపు కూడాలి. పాస్టర్ గారు పాఠభాగం చదివించి, కష్టమైన మాటలు విప్పి చెప్పి, ఈ పాఠంలో పట్టుకోవలసిన ఒక్క మాట ఏదో తేల్చాలి. తర్వాత ఒక టీచరు లేచి, ఎదురుగా పిల్లలున్నట్టే కథ చెప్పాలి. మిగతావాళ్లు సరిదిద్దాలి. ఈ కూడిక ఎగ్గొడితే ఆదివారం ఏ పాఠమైనా "కాబట్టి మనం మంచిగా ఉండాలి" అన్న ఒకే ముక్క దగ్గర తేలుతుంది.

ఒకే పాఠం, నాలుగు తరగతుల్లో

లూకా 19:1–10, జక్కయ్య కథ తీసుకుందాం. జక్కయ్య జనం దగ్గర సుంకం (పన్ను) వసూలు చేసే ధనవంతుడు, యేసును చూడాలని చెట్టెక్కాడు. పట్టుకోవలసిన మాట: జక్కయ్య మారకముందే యేసు అతని ఇంటికి వస్తానన్నాడు.

3–6 ఏళ్లవాళ్లకు పొట్టి మనిషి, జనం, మేడిచెట్టు, పేరుపెట్టి పిలిచిన యేసు చాలు. సుంకం ఊసే వద్దు. ఒక బాబును కుర్చీ ఎక్కించి, మిగతా పిల్లలతో "జక్కయ్యా, త్వరగా దిగుము" అనిపించండి. అదే వాళ్ల కంఠత వాక్యం.

7–11 వాళ్లు కథను ఆడి చూపాలి. యేసు, జక్కయ్య, సణుక్కునే జనం. సణుక్కునే జనంగా సిగ్గరి పిల్లలను పెట్టండి, గుంపులో కలిసి వాళ్లూ గొంతు విప్పుతారు. తర్వాత "అర్థమైందా?" అని అడగకండి, అందరూ ఒక్క గొంతుతో "అయ్యింది" అంటారు. "జనం ఎందుకు సణిగారు? నువ్వు అక్కడుంటే ఏమనేవాడివి?" అని ఒక్కొక్కరినీ అడగండి. కంఠత వాక్యం పదో వచనం, "నశించినదానిని వెదకి రక్షించుటకు" అన్నది.

12–17 వాళ్లకు సుంకపు గుత్త ఎలా నడిచేదో చెప్పండి. సంతలో ఆశీలు గుత్తకు పాడుకునేవాళ్లను వాళ్లు చూసే ఉంటారు. ముందు కట్టిన డబ్బు రాబట్టుకోవాలి, పైన లాభం చూసుకోవాలి, అది జనం దగ్గరే గుంజాలి. పైగా జక్కయ్య గుంజేది రోమా ప్రభుత్వం కోసం. ఇది తెలిశాకే జనం కోపం వాళ్లకు న్యాయంగా అనిపిస్తుంది, అప్పుడే యేసు చేసిన పని ఎంత పెద్దదో కనిపిస్తుంది.

పెద్దల తరగతిలో ఎనిమిదో వచనం దగ్గర ఆగండి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది అక్కడే. అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తే అసలుకు అయిదో వంతు కలపాలని లేవీయకాండము 6:5 చెబుతుంది. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు ఇవ్వాలన్నది నిర్గమకాండము 22:1. జక్కయ్య తనంతట తానే నాలుగంతలు ఒప్పుకున్నాడు. అప్పులు, వడ్డీలు, పొలం గట్లు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఈ ఒక్క వచనం కిందికి వస్తాయి. ఎవరి పేరూ ఎత్తకుండా మాట్లాడనివ్వండి.

పెద్దల్లో చదువు రానివాళ్లుంటే వంతులవారీగా చదివించకండి. ఒక్కసారి అవమానపడితే ఆ మనిషి మళ్లీ రారు. బాగా చదివే ఒకరు భాగాన్ని నిదానంగా రెండుసార్లు చదవాలి. తర్వాత ఎవరైనా సొంత మాటల్లో కథ చెప్పాలి, మిగతావాళ్లు వదిలేసింది కలపాలి. కీర్తనలు నోటికొచ్చిన అవ్వలు చాలాసార్లు అక్షరం పొల్లుపోకుండా చెబుతారు. నడిపేవాళ్లు అయిదు నిమిషాలకు మించి ఏకధాటిగా మాట్లాడితే అది రెండో ప్రసంగం అవుతుంది.

కంఠత వాక్యం

ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు బైబిలు తడుముకుంటూ చదువుతారు, "వెదకి రక్షించుటకు" వంటి మాటలకు అర్థం తెలియదు. ముందు వాడుక భాషలో చెప్పి, తర్వాత బైబిలు మాటల్లో నేర్పండి. ఆరాధనలో వినపడేది అదే కాబట్టి బైబిలు మాటలు వదిలేయకూడదు. వాక్యాన్ని బోర్డు మీద రాసి మూడుసార్లు చదివించండి. ఒక్కో మాట చెరిపేస్తూ మళ్లీ మొత్తం చెప్పించండి. బోర్డు ఖాళీ అయ్యేసరికి అందరికీ వస్తుంది. నాలుగు వారాలకోసారి పాతవన్నీ తిరగేయకపోతే మిగలవు. పోటీలు పెడితే ప్రతిసారీ అదే ఇద్దరు గెలుస్తారు, మిగతావాళ్లు ప్రయత్నం మానేస్తారు. నెలకు నాలుగు వాక్యాలు చెప్పిన ప్రతి ఒక్కరికీ చిన్న బహుమతి ఇవ్వడం మేలు.

సండే స్కూల్ ఏడాది జూన్ మొదటి ఆదివారం మొదలవ్వాలి. బడిలో తరగతి మారినప్పుడే ఇక్కడా మారతారు. పాఠాలు నలభైకి మించి వేసుకోకండి. డిసెంబరును క్రిస్మస్ నాటిక తినేస్తుంది, మే వి.బి.ఎస్.కు (పిల్లల వేసవి బైబిలు తరగతులకు) పోతుంది, దసరా, సంక్రాంతి సెలవుల్లో సగంమంది ఊళ్లో ఉండరు. మిరప కోతల ఊళ్లలో ఆ నెలల్లో ఉదయం తరగతి నిలవదు, రాత్రి ఏడింటికి మార్చుకోండి.

పిల్లలతో ఏ గదిలోనైనా పెద్దవాళ్లు ఇద్దరుండాలి, తలుపు తెరిచే ఉండాలి. కొట్టడం, ఎండలో నిలబెట్టడం ఎవరూ చేయకూడదు. ఏ బిడ్డ అయినా తనకు హాని జరిగిందని చెబితే సంఘంలో సర్దుబాటు చేయకూడదు. అది లైంగిక నేరమైతే, పిల్లలపై అలాంటి నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకు తెలపాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. ఇతర మతాల ఇళ్ల పిల్లలు స్నేహితులతో కలిసి వస్తే, మొదటి వారమే టీచరు వాళ్ల ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాలి. వాళ్లు వద్దంటే ఆ బిడ్డను కూర్చోబెట్టకూడదు.

వాన పడి నలుగురు టీచర్లలో ఇద్దరే వచ్చిన రోజు తరగతి రద్దు చేయకండి. పెద్దలను, 12 దాటినవాళ్లను ఒక చోట, చిన్నవాళ్లందరినీ ఇంకో చోట కూర్చోబెట్టండి. ఆ పిల్లల దగ్గర రెండో మనిషిగా ఒక తల్లిని కూర్చోమని అడగండి.