గడ్డిలోకి దిగేముందు: ఈశాన్య వానల కాలంలో స్క్రబ్ టైఫస్ జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిత్తూరు, తిరుపతి వైపు ఈశాన్య వానలు పట్టుకుంటే గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరాన్ని మోసే పురుగుకు కావలసింది అదే. జ్వరం రాగానే మనవాళ్ల టెన్షన్ అంతా డెంగీ మీదే ఉంటుంది. ప్లేట్‌లెట్లు స్క్రబ్ టైఫస్‌లోనూ పడిపోతాయి. ఆ రిపోర్టు చూసి డెంగీయే అనుకుని బొప్పాయి ఆకు రసం తాగుతూ ఇంట్లో కూర్చుంటారు. డెంగీ వైరస్‌ను చంపే మందు లేదు. స్క్రబ్ టైఫస్‌కు ఉంది, అదీ చవకైనది. ఆలస్యం చేస్తేనే ప్రాణాల మీదికి వస్తుంది.

కుట్టేది చిగ్గర్ అనే నల్లి (మైట్) పిల్ల, మంచాల్లో ఉండే నల్లి కాదు. పశువులకు పట్టే గోమారి కాదు, అంతకంటే చాలా చిన్నది, కంటికి ఆనదు. పెద్ద నల్లులు మన జోలికి రావు, పిల్ల దశలోనే కుడతాయి. ఎలుకలు, పందికొక్కులు, చుంచెలుకలు తిరిగే తుప్పల్లో ఉంటాయి. బట్టల మీదికి ఎక్కి నడుము, గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, మెత్తని చర్మం దొరికిన చోట ఆగుతాయి. కుట్టినట్టే తెలియదు.

అవి ఎక్కించే బ్యాక్టీరియా పేరు ఒరియెన్షియా సుత్సుగముషి. ఈ జ్వరం మళ్లీ ఎందుకు రావొచ్చు, రక్తపరీక్షతో చిక్కేమిటి అన్నవి దాని పైపొరతో ముడిపడ్డాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. టైఫాయిడ్ క్రిమి లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాల పైపొరలో లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. అది తగలగానే మన రోగనిరోధక కణాలు అప్రమత్తమవుతాయి. ఒరియెన్షియా పైపొరలో ఆ పదార్థమే లేదు. అక్కడ ఎక్కువగా ఉండేది 56 కిలోడాల్టన్ల బరువున్న ఒక ప్రొటీన్, టీఎస్ఏ 56. అది మన కణాల దగ్గర ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, దాని ద్వారా కణం మీద ఉండే ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లకు అతుక్కుంటుంది. అలా లోపలికి దూరిన బ్యాక్టీరియా రక్తనాళాల లోపలి పొరలో పెరుగుతుంది. కణంలోంచి బయటికి వచ్చేటప్పుడు మన కణం పొరనే కప్పుకుని వస్తుంది.

మన శరీరం యాంటీబాడీలు ఎక్కువగా తయారుచేసేది ఈ టీఎస్ఏ 56 మీదే. చిక్కేమిటంటే ఆ ప్రొటీన్‌లో కొన్ని భాగాలు రకాన్ని బట్టి మారిపోతాయి. కార్ప్, గిలియం, కాటో అని పేరున్న రకాలున్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. ఒక రకంతో జ్వరం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి కొన్నేళ్లు రక్షణ ఉండొచ్చు. వేరే రకం నుంచి దొరికేది కొన్ని నెలలే. టీకా ప్రయత్నాలు రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఉన్నా, ఇప్పటికీ టీకా లేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు దక్షిణ ఆంధ్ర రోగుల్లో దొరికిన బ్యాక్టీరియా రకాలను ఈ ప్రొటీన్ జన్యువును బట్టే పరిశీలించి 2016లో ప్రచురించారు. రకాలు ఇన్ని ఉన్నాయి కాబట్టి "పోయినేడు వచ్చి పోయింది, ఇక రాదులే" అనుకుని కొడవలి పట్టుకుని గట్టెక్కొద్దు.

రక్తపరీక్షలో తిరకాసు కూడా ఇక్కడే ఉంది. ఐజీఎం ఎలీసా పరీక్ష ఎక్కువగా ఈ 56 ప్రొటీన్ మీద పుట్టిన యాంటీబాడీలనే వెతుకుతుంది. అవి తేలడానికి జ్వరం మొదలయ్యాక దాదాపు వారం పడుతుంది. రెండో రోజే చేయించి నెగటివ్ అని నిశ్చింతగా ఉండటం కంటే చేయించకపోవడమే మేలు అనిపిస్తుంది నాకు. వీల్-ఫెలిక్స్ అనే పాత పరీక్ష అసలు ఈ బ్యాక్టీరియాతో చేసేదే కాదు, ప్రోటియస్ అనే వేరే దానితో చేస్తారు. అందులో నెగటివ్ వచ్చినంత మాత్రాన కాదని చెప్పలేం. తెలిసిన డాక్టర్లు లక్షణాలు చూసి, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

కాబట్టి ఒంటి మీద మచ్చ వెతకండి. కుట్టిన చోట బీడీతో చురక పెట్టినట్టు నల్లని పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు, దురదా ఉండదు. అందరికీ రాదు. వచ్చినా నల్లని ఒంటి మీద, బట్టల చాటున ఉండి తప్పించుకుంటుంది. సిగ్గుపడి డాక్టరుకు చూపించకపోవడం ఇక్కడ మామూలే, అది మానాలి. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. చేనుకో అడవికో వెళ్లిన సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పండి.

చెనక్కాయ పీకేటప్పుడు, పశువులకు గడ్డి కోసేటప్పుడు, మామిడి తోటలో కలుపు తీసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. బయట ఉన్న చర్మానికి, పురుగులను దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు ఉన్న క్రీము రాసుకోండి. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, కాలకృత్యాలకు తుప్పల్లోకి పోవద్దు, ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేయండి. చిగ్గర్ కుట్టీకుట్టగానే బ్యాక్టీరియా ఎక్కదు, గంటల తరబడి అతుక్కుని ఉండాలి. అందుకే సాయంత్రం స్నానానికి అంత విలువ. తలకోన, మామండూరు వైపు ట్రెక్కింగ్ వెళ్లేవాళ్లకూ ఇంతే. అలిపిరి మెట్ల మీద నడిచే భక్తులకు పెద్దగా భయం లేదు, దారి వదిలి పొదల పక్కన కునుకు తీస్తేనే.

ఇంటి చుట్టూ తుప్పలు ముందు నరికించండి. ఎలుకల మందు ఒక్కటే పెడితే ఎలుకలు చచ్చి, వాటి మీది నల్లులు వేరే ఒంటి కోసం వెతుక్కుంటాయి. పురుగుమందు కూడా చల్లించాలి.

మెడికల్ షాపులో అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ కొనుక్కుని మింగితే పని జరగదు, ఈ బ్యాక్టీరియాను అవి ఏమీ చేయలేవు. డాక్టర్లు ఇచ్చేది డాక్సీసైక్లిన్, గర్భిణులకైతే అజిత్రోమైసిన్. సరైన మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే మళ్లీ వెళ్లండి. ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం, మాట తడబడటం ఉంటే ఊళ్లో ఆగకుండా రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ముదిరిన జబ్బులో రెండు మందులూ కలిపి సెలైన్‌లో ఎక్కిస్తే మెరుగని మన దేశంలోనే చేసిన ట్రయల్ 2023లో తేల్చింది.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు, రోగికి కంచం వేరు చేయక్కర్లేదు. అదే చేలో, అదే వారంలో పనిచేసినవాళ్లలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే మాత్రం వాళ్లనూ వెంటనే డాక్టరుకు చూపించండి.