రోడ్డు ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం రాబట్టుకోవడం ఎలా?

తిరుమల కొండకు వచ్చే తమిళనాడు, కర్ణాటక వాహనాలతో తిరుపతి, చిత్తూరు జిల్లాల రోడ్లు పగలూ రాత్రీ రద్దీగానే ఉంటాయి. మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో ప్రమాదం జరుగుతుంది. గుద్దిన బండి పొరుగు రాష్ట్రానిది, గాయపడినవారు పక్క ఊరివారు, చికిత్స వేలూరులో. ఒక్క ప్రమాదానికి సంబంధించిన కాగితాలు మూడు నాలుగు చోట్ల చెదిరిపోతాయి. కాలు విరిగి మంచం మీదున్న మనిషి వాటన్నిటినీ ఏరుకోవాలి. ఎంతోమంది ఇక్కడే అలసిపోయి, ఇచ్చినంత పుచ్చుకుని వదిలేస్తున్నారు.

వదిలేయకండి. మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ బీమా ఉన్నదే ఆ బండి వల్ల గాయపడినవారి కోసం. మీరు అడుగుతున్నది ఎవరి దయాధర్మమో కాదు, మీకు రావలసిన సొమ్ము. ఎంత వస్తుందన్నది మాత్రం చాలావరకు మొదటి కొన్ని వారాల్లో తయారయ్యే కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట

క్షతగాత్రుణ్ణి తిరుపతిలోని రుయా ఆసుపత్రికి తీసుకెళ్లినా, స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లినా, చిత్తూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లినా డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది "ఎలా జరిగింది?" అనే. ఆ గాభరాలో వెంట వచ్చిన బావమరిది "బండి మీద నుంచి పడిపోయాడు సార్" అంటాడు. నిజానికి వెనక నుంచి టెంపో గుద్దడం వల్లే పడ్డాడు. కానీ డాక్టర్ విన్నది విన్నట్టు రాసుకుంటారు: బైకు మీద నుంచి పడటం వల్ల గాయాలు. కేసు విచారణకు వచ్చిన రోజున బీమా సంస్థ న్యాయవాది ఆ ఒక్క వాక్యం చూపించి, అసలు రెండో వాహనమే లేదు, తనంతట తాను పడ్డాడు, టెంపోను తర్వాత ఇరికించారు అని వాదిస్తారు. నిజం మీ వైపే ఉన్నా, దాన్ని మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవలసి వస్తుంది.

కాబట్టి వెంట వెళ్లేవారు మూడు సంగతులు స్పష్టంగా చెప్పాలి: ఏ వాహనం గుద్దింది, ఎక్కడ గుద్దింది, ఎన్ని గంటలకు. బండి నంబరు తెలిస్తే అదీ చెప్పండి. తెలియకపోతే "గుర్తుతెలియని లారీ" అని రాయించండి. "మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా) నమోదు చేశారా?" అని అడిగి, ఆ నంబరు రాసుకోండి. అక్కడి నుంచి వేలూరుకు మారిస్తే మొదటి ఆసుపత్రి రిఫరల్ చీటీ జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. వేలూరు డిశ్చార్జి సమ్మరీలో ప్రమాదం ఎలా జరిగిందని రాశారో చదివి చూసుకుని, తేడా ఉంటే అక్కడే సరిచేయమని అడగండి. ఇంటికి వచ్చాక సరిచేయించడం చాలా కష్టం.

చికిత్స ఖర్చు గురించి ఒక్క మాట. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందాలి. ధనిక, పేద తేడా లేదు. చేర్చే ముందే ఈ పథకం వర్తిస్తుందా అని అడగండి.

2. ఎఫ్‌ఐఆర్, ఆ వెంటనే వచ్చే రాజీ మాటలు

ప్రమాదం జరిగిన రెండో రోజో మూడో రోజో బండి యజమాని తరఫున ఎవరో ఒక పెద్దమనిషి వస్తారు. "ఆసుపత్రి ఖర్చులకు ఇరవై వేలు ఇస్తాం, కేసు వద్దు" అంటారు. చేతిలో పైసా లేని కుటుంబానికి అది ఆశగానే కనిపిస్తుంది. వారిని తప్పుపట్టలేం. కానీ ఎఫ్‌ఐఆర్ లేకపోతే రేపు బీమా సంస్థ ముందు మీరు నిలబడటానికి ఆధారమే ఉండదు. యజమాని ఇచ్చే ఇరవై వేలు మొదటి ఆపరేషన్‌కే చాలవు.

ఫిర్యాదు గాయపడినవారే ఇవ్వాలని లేదు. కుటుంబసభ్యులు ఇవ్వవచ్చు, చూసినవారు ఇవ్వవచ్చు. ప్రాణం దక్కించుకునే హడావుడిలో కొన్ని రోజులు ఆలస్యమైనా భయపడవద్దు. ఆలస్యం ఒక్కటే కారణంగా పరిహారం దావాను తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అయితే ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే రాయండి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఒకే బైకు మీద ముగ్గురు వెళ్లారు కాబట్టి పరిహారం రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ముగ్గురు ఎక్కడం పోలీసుల దృష్టిలో నేరమే. కానీ ప్రమాదానికి అదే కారణమని తేలితే తప్ప, ఆ సాకుతో పరిహారం తగ్గించకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

3. పోలీసులు చేయవలసిన పని చేయించుకోవడం

చాలామందికి తెలియని విషయం ఇది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారే ప్రమాద సమాచారాన్ని ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం దావాలు విచారించే కోర్టుకు పంపాలి. 48 గంటల్లో మొదటి నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదిక వెళ్లాలి. బాధితుల హక్కులేమిటో తెలిపే పత్రాన్ని 10 రోజుల్లో మీ చేతికివ్వాలి. మీ వయసు, ఆదాయం, గాయాలు, ఖర్చుల వివరాలతో ఒక ఫారం మీరు 60 రోజుల్లో నింపి ఇవ్వాలి. ఈ నిబంధనలన్నీ పాటించి తీరాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

స్టేషన్‌కు వెళ్లి "సమగ్ర ప్రమాద నివేదిక పంపారా?" అని పేరు పెట్టి అడగండి. ఊరికే "మా కేసు ఏమైంది సార్" అని అడిగితే వచ్చే జవాబు వేరు, ఇలా అడిగితే వచ్చే జవాబు వేరు. ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఘటనాస్థలం పటం, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక, గాయాల ధ్రువపత్రం, అభియోగపత్రం, బండి ఆర్‌సీ, డ్రైవర్ లైసెన్సు, బీమా పాలసీ ప్రతులు సంపాదించండి. బండి నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో బీమా వివరాలు మీరే చూసుకోవచ్చు.

4. ఎక్కడ, ఎప్పటిలోగా

గుద్దింది చెన్నై బండి అయినా మీరు చెన్నై వెళ్లక్కరలేదు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. చిత్తూరు జిల్లా కోర్టు, తిరుపతిలోని అదనపు జిల్లా కోర్టులు ఈ ట్రిబ్యునళ్లుగా పనిచేస్తాయి. డ్రైవరును, యజమానిని, బీమా సంస్థను ప్రతివాదులుగా చేర్చాలి. ఆర్టీసీ బస్సయితే ఆ సంస్థను చేర్చాలి.

గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. ఈ నిబంధన చెల్లుబాటు సుప్రీంకోర్టులో సవాలులో ఉంది. గడువు దాటిందన్న కారణంతో దావాలు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయినా ఆ ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవద్దు. ఆరు నెలలు దాటకముందే వేసేయండి. ఇప్పటికే దాటిపోయినవారు మాత్రం ఆశ వదులుకోకుండా వెంటనే న్యాయవాదిని కలవండి.

164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు పొందే దారి కూడా ఉంది. కానీ ఆ సొమ్ము పుచ్చుకుంటే 166 కింద వేసిన దావా ముగిసిపోతుంది. జీవితాంతం ఉండిపోయే వైకల్యం ఉన్నవారు తొందరపడి ఆ కాగితం మీద సంతకం చేయవద్దు. లారీ క్లీనరో, టెంపో డ్రైవరో పనిలో ఉండగా గాయపడితే 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద కూడా వెళ్లవచ్చు. అయితే రెండు చట్టాల్లో ఒక్కదాన్నే ఎంచుకోవాలి.

5. మీ నష్టాన్ని లెక్కలో చూపించడం

అసలు పోరాటం ఇక్కడే. డాక్టర్ ఇచ్చే వైకల్య శాతం వేరు, సంపాదన కోల్పోయిన శాతం వేరు. ఎడమచేయి పోయిన వ్యక్తి వైకల్యం 60 శాతం అనుకుందాం. అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచే అవకాశముంది. రాజ్‌కుమార్ అనే బాధితుడి పరిహారం కేసులో సుప్రీంకోర్టు స్వయంగా ఇచ్చిన ఉదాహరణ ఇది. సదరం (వైకల్య) ధ్రువపత్రం ఒక్కటి దాఖలు చేసి ఊరుకుంటే ఈ తేడా కోర్టుకు ఎవరు చెబుతారు?

లెక్క ఎలా ఉంటుందో చూడండి. 32 ఏళ్ల టైల్స్ మేస్త్రి, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. నెలకు 21,000, ఏడాదికి 2,52,000 అవుతుంది. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 40,32,000. సంపాదన నష్టం 10 శాతమే అంటే వచ్చేది 4,03,200. మోకాలు మడవలేని మనిషి నేల మీద కూర్చుని టైల్స్ వేయలేడని నిరూపించి, దాన్ని 30 శాతమని ఒప్పిస్తే 12,09,600. అదే మనిషి, అదే కాలు. కోర్టులో చెప్పిన తీరులో ఎనిమిది లక్షల తేడా.

కాబట్టి పని ఎలా చేసేవారో, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో వివరంగా చెప్పాలి. చికిత్స చేసిన ఎముకల డాక్టర్ సాక్ష్యం దాదాపు తప్పనిసరి. డాక్టర్ వచ్చి చెప్పకపోతే ధ్రువపత్రానికి విలువ బాగా తగ్గుతుంది. డాక్టర్లు కోర్టుకు రావడానికి ఇబ్బంది పడతారు. అలాంటప్పుడు కోర్టు తరఫున సాక్ష్యం తీసుకునే కమిషనర్‌ను నియమించి ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించమని అర్జీ పెట్టవచ్చు.

ఆదాయం సంగతి. రోజుకూలీకి జీతం చీటీ ఉండదు. దామలచెరువు మామిడి మండీలో బుట్టలు మోసేవారికి ఎవరు ఇస్తారు? కానీ ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్కు, మేస్త్రి చిట్టా పుస్తకం, డెయిరీ పాల బిల్లులు, పొదుపు సంఘంలో నెలనెలా కట్టిన కంతుల పుస్తకం పనికొస్తాయి. ఇంటిపని చేసే మహిళ శ్రమకూ కోర్టులు ఆదాయం లెక్కగడుతున్నాయి. "ఆమె ఏమీ సంపాదించదు" అని దావాలో రాయనివ్వకండి.

మందుల షాపు బిల్లులు చాలావాటికి అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. విచారణ నాటికి మిగిలేది తెల్లచీటీ. వారం వారం జిరాక్సు తీసి, అసలుకు జతచేసి పెట్టండి. వేలూరుకు పెట్టుకున్న కారు అద్దె, తోడున్నవారు మానుకున్న పని, మళ్లీ ఆపరేషన్ చేసి ప్లేటు తీయించడానికి డాక్టర్ రాసిచ్చిన ఖర్చు అంచనా, ఇవన్నీ దావాలో అడగదగినవే.

6. న్యాయవాది

ఆసుపత్రి వరండాలోనే వకాలత్ కాగితాలతో వచ్చే దళారీలకు, తెల్లకాగితాల మీద సంతకాలు అడిగేవారికి దూరంగా ఉండండి. వచ్చిన సొమ్ములో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఎవరైనా అలా అడిగితే నిలదీయవచ్చు. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవారు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100కు ఫోను చేయండి.

7. గుద్ది పారిపోతే

బండి ఏదో తెలియకపోయినా పరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. తక్కువే, కాదనను. కానీ తీసుకోకుండా వదిలేయడం మరీ అన్యాయం. దరఖాస్తు విచారణ ఆర్డీవో, తహసీల్దారు స్థాయిలో జరుగుతుంది, మంజూరు కలెక్టర్ చేస్తారు. నెలలోగా వాహనం దొరకకపోతే ఈ పథకం గురించి బాధితులకు పోలీసులే చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

8. రాజీ, తీర్పు, సొమ్ము

బీమా సంస్థ లోక్ అదాలత్‌లో రాజీకి పిలవవచ్చు. వెళ్లండి, కానీ పైన చూపిన లెక్క వేసుకుని వెళ్లండి. లోక్ అదాలత్ తీర్పుపై అప్పీలు ఉండదు. ఇంకా చికిత్స నడుస్తుంటే, వైకల్యం ఎంతో తేలకముందే ఒప్పుకోవద్దు.

ట్రిబ్యునల్ తీర్పులో మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టులో అప్పీలు చేయవచ్చు. డ్రైవర్ లైసెన్సు చెల్లదని బీమా సంస్థ తప్పించుకోజూస్తే, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. మీ న్యాయవాది ఆ మాట అడిగారో లేదో కనుక్కోండి. తీర్పు వచ్చినా చెల్లించకపోతే 174వ సెక్షన్ కింద రికవరీ సర్టిఫికెట్ కోరితే, కలెక్టర్ భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించాలి. పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో వేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు సూచించింది. కాబట్టి దావా వేసేటప్పుడే మీ పేరు మీదున్న ఖాతా వివరాలు, పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సు దాఖలు చేయండి. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు మీదే అయ్యుండాలి, ఏటీఎం కార్డు మీ ఇంట్లోనే ఉండాలి.