పొగమంచు పొద్దున ఫొటోలు ఎలా తీయాలి?

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా నల్లగొండ పిల్లలు రాత్రికి రాత్రి కారేసుకుని ఆంధ్రా మన్యం కొండల్లోని లంబసింగికి బయల్దేరతారు. పోవద్దని అనను. కానీ ఊరి చివర చెరువు మీద పొగమంచు చిక్కగా దిగిన రోజున దుప్పటి ముసుగేసి పడుకునేది కూడా వీళ్లే. పోనీ అంత దూరం పోయి తెచ్చే ఫొటోలైనా బాగుంటాయా అంటే, సున్నం మాసిన గోడ ముందు నిలబడి తీయించుకున్నట్టు ఉంటాయి. తప్పు ఊరిది కాదు, తీసే పద్ధతిది. ఆ పద్ధతి ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు.

ముందే చెబుతున్నా, గడ్డి మీద తెల్లగా గడ్డకట్టే మంచు మన దగ్గర కనపడదు. నల్లగొండలో, పాలమూరులో ఎంత ఇగం పెట్టినా పాదరసం పది డిగ్రీలకు అటూ ఇటూ తిరుగుతుంది తప్ప సున్నా దాకా దిగదు. మనకు దొరికేవి పొగమంచు, ఆకుల మీద నీటి బొట్లు. ఓ మనిషి చలికాలమంతా తీసుకోవడానికి అవే ఎక్కువ.

ముందు రోజు రాత్రి

రేపు పొగమంచు ఉంటుందా లేదా అన్నది చాలావరకు రాత్రే తెలిసిపోతుంది. ఆకాశంలో మబ్బు తునక లేకుండా చుక్కలు స్పష్టంగా కనపడాలి. గాలి ఆగిపోవాలి. అలాంటి రాత్రి, పగలు పట్టుకున్న వేడినంతా నేల వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ ఆవిరిగా నిలవలేక కంటికి ఆనని నీటి తుంపరలవుతుంది. మబ్బు పట్టిన రాత్రి నేల వేడి అంత తేలిగ్గా పోదు, కాబట్టి నిశ్చింతగా పడుకోండి.

ఫోన్‌లో వాతావరణం యాప్ ఉంటే రాత్రి పదింటికి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) రెండూ చూడండి. వాటి మధ్య తేడా 2, 3 డిగ్రీలకు మించకుండా, గాలి దాదాపు లేకుండా ఉంటే అలారం పెట్టుకోవచ్చు. నేనైతే యాప్ కన్నా చలిమంటను ఎక్కువ నమ్ముతాను. వాడకట్టులో ఎవరో ఒకరు మంటేసుకునే ఉంటారు. దాని పొగ కొంత ఎత్తుకు లేచి, ఇక పైకి పోలేక ఇళ్ల కప్పుల మీద అడ్డంగా పరుచుకుంటే, కింద చల్లగాలి నిలిచిపోయిందనీ పైన వెచ్చగాలి దాన్ని కదలనివ్వడం లేదనీ అర్థం.

సామాను

ఫోనో కెమెరానో ఏదున్నా సరే. బ్యాటరీ నిండుగా ఉండాలి. లెన్స్ తుడవడానికి పాత పంచె ముక్క ఒకటి, గట్టు మీద నడవడానికి టార్చి, కాళ్లకు బూట్లు. ట్రైపాడ్ ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే మోటరు స్టార్టరు డబ్బా మీద ఫోన్ ఆనించినా పని జరుగుతుంది. మంకీ క్యాప్ మాత్రం మరవొద్దు.

ఎక్కడికి, ఎప్పుడు

నీళ్లున్న చోటికి. యాసంగి నీళ్లు వదిలిన ఆయకట్టు, చెరువు కింది మడులు, వాగు ఒడ్డు. నల్లగొండవాళ్లకు పానగల్లులో ఉదయ సముద్రం ఉండనే ఉంది. కందూరు చోళుల నాటి ఆ చెరువు ఇప్పుడు సాగర్ నీళ్లతో నిండుతుంది, పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. పాలమూరు వైపైతే దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్. కొల్లాపూర్ అవతల సోమశిల దగ్గర కృష్ణమ్మ మీద ఇంకో రకం పొగమంచు చూస్తారు: నీళ్లు వెచ్చగా, పైన గాలి చల్లగా ఉండేసరికి నది మీద ఆవిర్లు లేస్తాయి. నల్లమల లోపలి సూర్యోదయం కోసం హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరేవాళ్లకో మాట. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. గేటు తీసేదాకా అక్కడే చలికి వణుకుతూ కూర్చోవాలి.

జనవరిలో మనకు ఆరూ ముప్పావు ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అరగంట ముందే చోటు చూసుకుని ఉండాలి. చలికాలం సూర్యుడు సరిగ్గా తూర్పున రాడన్నది మరవకండి. డిసెంబరు చివర్లో తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి వస్తాడు. "తూర్పు అటే కదా" అని చూసుకున్న తాటిచెట్టు ఒకచోట, సూర్యుడు ఇంకోచోట ఉంటే ఆ పొద్దు వృథా.

దారిలో పొగమంచుంటే డిమ్ లైటే వేయండి. హైబీమ్ వేస్తే ఆ వెలుగు తుంపరలకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది. హైవే పక్కన బండాపి ఫొటోలు తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా పోయే లారీవాడికి పదడుగుల దూరంలో మీరున్నట్టు కనపడదు.

సూర్యుడికి ఎదురుగా నిలబడండి

స్టూడియో నడిపే ప్రతివాడూ "సూర్యుడిని వీపు వెనక పెట్టుకో" అని నేర్పిస్తాడు. పెళ్లిళ్లకు అది సరే. పొగమంచుకు మాత్రం ఎదురు నిలబడాల్సిందే. వెలుగు తుంపరల గుండా మన వైపు వచ్చినప్పుడే పొగమంచు మెరుస్తుంది, ఒకదాని వెనక ఒకటి ఉన్న చెట్లు పొరలు పొరలుగా విడిపోతాయి. వీపు వెనక సూర్యుడుంటే అదే పొగమంచు చప్పగా, బట్ట కట్టినట్టు ఉంటుంది. దగ్గర్లో ఒక నల్లటి ఆకారం తప్పనిసరి: తాటిచెట్టు, ఈతచెట్టు, బావి గిలక, ఆగి ఉన్న ఎడ్లబండి. సూర్యుడిని దాని వెనక సగం దాచి తీయండి. ఫోన్ అడ్డంగానే పట్టుకోండి, పొగమంచు అడ్డంగా పరుచుకునేది కాబట్టి. నిలువుగా తీసేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, ఫొటో చూడనంతే.

చెట్టెక్కే గీత కార్మికుడు కనపడితే మోకు, ముస్తాదు లాంటి చెట్టెక్కే సామానుతో సహా ఆ ఆకారం అద్భుతంగా వస్తుంది. కానీ చెట్టు మీద ఉన్న మనిషిని కిందినుంచి పిలిచి ఇటు చూడమనకండి. ఎక్కకముందే "అన్నా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి.

వెలుగు: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఇకపైది నిదానంగా చదవండి.

కెమెరాకు పొగమంచంటే ఏమిటో తెలియదు. ఎదురుగా ఏమున్నా సగటున అది ఓ మోస్తరు బూడిద రంగులో ఉంటుందని లెక్కేసుకుని, దాన్నిబట్టి వెలుగు లోపలికి వదులుతుంది. పొగమంచేమో దాదాపు తెలుపు. "ఇంత తెలుపా, ఎక్కువైంది" అని కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. కంటికి పాలలా కనపడ్డది ఫొటోలో మురికిగా రావడానికి కారణం ఇదొక్కటే. లెన్స్ మంచిది కాదనీ, ఫోన్ పాతదనీ, కొత్తది కొనాలనీ అనుకునేవాళ్లంతా ముందు ఇది సరిచేసుకోవాలి.

కెమెరా ఉన్నవాళ్లు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా లెక్కకన్నా వెలుగు పెంచే, తగ్గించే మీటను, ప్లస్ 1 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. చిక్కటి పొగమంచుకు ప్లస్ 1.3 దాకా పోవచ్చు. సూర్యబింబం ఫ్రేములోకి రాగానే మాత్రం లెక్క మారిపోతుంది. బింబం చుట్టూ తెల్లగా కాలిపోయిన మచ్చ పడితే ఏ యాప్‌తోనూ బాగుపడదు. అప్పుడు సున్నాకు, అవసరమైతే మైనస్ 0.3కు దిగండి. వెలుగు నిమిషనిమిషానికీ మారుతుంటుంది కాబట్టి ఒకసారి పెట్టేశాం కదా అని ఊరుకోకూడదు. నాలుగైదు ఫొటోలకోసారి హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫొటోలో ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే దిబ్బలాంటి బొమ్మ. దిబ్బ కుడివైపు జరిగి ఉండాలి, కుడి గోడకు మాత్రం తగలకూడదు.

ఫోన్‌తో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. తెర మీద ఎక్కడ నొక్కితే ఆ చోటును బట్టి ఫోన్ వెలుగు లెక్కేస్తుంది. పొగమంచు మీద నొక్కితే ఫొటో మొత్తం చీకటవుతుంది. నల్లటి చెట్టు మొద్దు మీద నొక్కితే మొద్దు బెరడు కనపడేంత వెలుగొచ్చి పొగమంచు తెల్లబారి మాయమవుతుంది. అందుకని మొద్దూ పొగమంచూ కలిసే అంచు మీద నొక్కండి. ఫోకస్‌కు కూడా అదే మంచిది, ఎందుకంటే ఉత్త పొగమంచులో పట్టుకోవడానికి గీత అంటూ ఏదీ లేక ఫోకస్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో లాక్ పడుతుంది. ఆ తర్వాత పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును వేలితో పైకో కిందికో జరిపి, పొగమంచు తెల్లగా, మొద్దు మసి నలుపు కాకుండా ముదురు బూడిదలో ఉండేచోట ఆపండి. మీరు నాలుగడుగులు జరిగినా, సూర్యుడు కొంచెం పైకొచ్చినా లాక్ తీసి మళ్లీ మొదటినుంచి చేయాలి. బద్ధకిస్తే వెనకటి వెలుగుతో ఇప్పటి ఫొటో వస్తుంది.

ఎక్కువమంది పడిపోయే గొయ్యి ఇంకోటుంది: తెర వెలుగు. చీకట్లో ఫోన్ తెర ధగధగా మెరుస్తుంటుంది. అందులో చూసుకుని "బ్రహ్మాండం" అనుకుంటారు. ఎండెక్కి ఇంట్లో చూసేసరికి అంతా చీకటి. అందుకని బయల్దేరేముందే ఆటో బ్రైట్‌నెస్ ఆపేసి, తెరను సగం దగ్గర స్థిరంగా పెట్టండి. హెచ్‌డీఆర్, సీన్ ఆప్టిమైజర్ లాంటివి కూడా ఆపేయండి. అవి దృశ్యం స్పష్టంగా ఉండాలని తయారుచేసినవి. పొగమంచును లోపమనుకుని తుడిచేస్తాయి. వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, డేలైట్ పెట్టండి. పొద్దు పొడవకముందు నీలం, పొడిచాక పసుపు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఆటో ఈ రెండింటినీ చప్పటి తెలుపు చేస్తుంది.

పెద్ద జూమ్ లెన్స్ ఉన్నవాళ్లు వ్యూఫైండర్‌లో కన్నుపెట్టి సూర్యుడిని చూడొద్దు. పొగమంచు వెనక చల్లగా కనపడుతున్నాడు కదా అనిపిస్తుంది. ఆ పొగమంచు ఒక్కసారిగా పలచబడితే దెబ్బ కంటికే. వెనక తెర మీద చూసుకుని, తీసి, లెన్స్ దించేయండి.

నీటి బొట్లు

సూర్యుడు కాస్త పైకొచ్చి, పొగమంచు పలచబడ్డాక కిందికి చూడండి. పల్లి చేను ఉంటే అదృష్టమే. రాత్రి దగ్గరకు ముడుచుకున్న పల్లి ఆకులు పొద్దున నెమ్మదిగా విచ్చుకుంటాయి, అప్పటికి వాటి మీద బొట్లు ఇంకా ఆరవు. వరి నారుమడిలోనైతే ప్రతి ఆకు కొసన సరిగ్గా ఒక్కో బొట్టు నిలబడి ఉంటుంది. అదంతా ఆకాశం నుంచి పడ్డది కాదు. వేళ్లు రాత్రంతా పీల్చిన నీటిని మొక్క ఆకు కొసనుంచి బయటకు నెడుతుంది. ఆకు మీద చెల్లాచెదురుగా ఉన్నవి, కంది చెట్ల మధ్య సాలెగూడుకు దండలా పట్టినవి మాత్రం మంచు బొట్లు.

ఒక బొట్టు దగ్గర కూర్చుని చూడండి. అందులో చేను తలకిందులుగా ఉంటుంది: మట్టి పైన, ఆకాశం కింద. ఫోకస్ బొట్టు అంచు మీద కాక లోపలున్న ఆ చిన్న చేను మీద పెట్టాలి. సాలెగూడైతే ఫోన్‌ను గూటికి సమానంగా, పలకలా ఎదురుగా పట్టుకోండి, లేకపోతే సగం దండ మసకబారుతుంది. మరీ మీదికి వంగకుండా 2x జూమ్ పెట్టి వెనక్కి జరగండి. దగ్గరికి పోతే మీ ఊపిరికి గూడు ఊగుతుంది, లెన్స్ కూడా మసకేస్తుంది.

స్ప్రే బాటిల్‌తో గులాబీల మీద నీళ్లు కొట్టి మంచు బొట్లని పెట్టేవాళ్లున్నారు. చూడగానే తెలిసిపోతుంది, బొట్లన్నీ మరీ పెద్దవి.

నారుమడి గట్టు మీదే నడవండి. చలికి నారు ఎదగక రైతు రాత్రి కవర్లు కప్పి, పొద్దున చల్లనీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెడుతూ తంటాలు పడుతుంటాడు. మీ ఫొటో కోసం ఆ కవరు లేపారో, ఆయన తిట్టే తిట్లలో తప్పేమీ ఉండదు.

ఇంటికొచ్చాక

చల్లబడ్డ కెమెరాను నేరుగా వంటింట్లోకి తీసుకెళితే లెన్స్‌కు లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, అరగంటాగి తీయండి. ఈలోగా చాయ్ తాగొచ్చు.

ఎడిటింగ్‌లో మసకను తీసేసే డీహేజ్ అనే మీట జోలికి పోవద్దు. పొగమంచు కోసం తెల్లవారుజామున లేచి, దాన్ని ఇంట్లో కూర్చుని తుడిచేయడమేమిటో నాకైతే అర్థం కాదు. కొంచెం కాంట్రాస్ట్, కొంచెం క్రాపింగ్, అంతే. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది, సన్నగా మారుతూ పోయే ఆ తెలుపు కాస్తా చారలు చారలుగా విరుగుతుంది.